నూట యాభై డిగ్రీల దరఖాస్తు

విరూపాక్షం మాస్టారికి లోకంలో రెండే కోరికలు. ఒకటి, భార్య ఉన్న ఊళ్లో తనూ ఉండాలి. రెండు, త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని ఎవరైనా పెద్దవాళ్లు తనని అడగాలి. ఈ రెండూ ఒకే పూట తీరే అవకాశం వచ్చేసరికి ఆయన తబ్బిబ్బై, రెండోదాని కోసం మొదటిదానికి ఎసరు పెట్టుకున్నాడు. కథంతా ఇంతే. అయినా ఎలా పెట్టుకున్నాడో తెలిస్తే తప్ప చదువుకున్నవాళ్ల తెలివి మీద మనకి సరైన గౌరవం కలగదు కనుక, కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆయన జిల్లా కేంద్రంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. ఆయన భార్య సత్యవేణి పడమటి కొండల్లో గుమ్మడికొండ అనే ఊరి ఆస్పత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్ల సంసారం వారపు సంతలా ఆదివారం ఆదివారం జరుగుతోంది. శనివారం కాలేజీ వదలగానే ఆయన బస్సెక్కుతాడు. ఆదివారం భోజనమయ్యాక ఆవిడ ఆయన్ని మళ్లీ బస్సెక్కిస్తుంది. మధ్యలో దొరికిన కాసేపూ ఇద్దరూ చుట్టాల్లా మర్యాదగా ఒకరి ఆరోగ్యం ఒకరు అడుగుతారు. బదిలీ కోసం ఆయన పెట్టని అర్జీ లేదు. ప్రతిదానికీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబు వచ్చేది. ఇన్నేళ్లు పరిశీలించాక, తన గురించి తనకే తెలియని సంగతులు కూడా విద్యా శాఖకి తెలిసి ఉండాలని ఆయన అనుకునేవాడు.

అలాంటి రోజుల్లో శాఖకి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. వస్తూనే "తరగతి గదే కార్యాలయం" అనే ఉద్యమం మొదలుపెట్టారు. క్లాసులో చెప్పే ప్రతి పాఠాన్నీ ఆఫీసు నడపడానికి వాడాలి, అలా వాడలేని పాఠం పుస్తకంలో ఉండకూడదు. అప్పటికే చరిత్ర లెక్చరర్ల సలహా మీద హెడ్డాఫీసు చుట్టూ కందకం తవ్వారు. వృక్షశాస్త్రం వారి సలహా మీద గుమస్తాల బల్లలన్నీ ఎండ పడే వైపు తిప్పారు. గుమస్తాలు ఏపుగా పెరిగిన దాఖలా లేదు గానీ, కళ్లు చిట్లించుకుని పని చేస్తున్నారు. తర్వాతి వంతు లెక్కలది.

డైరెక్టరు గారు తనిఖీకి వచ్చిన పూట విరూపాక్షం బోర్డు మీద సైనుకీ కాసుకీ ఉన్న చుట్టరికం రాస్తున్నాడు. ఆయన వెనక బెంచీలో కూర్చుని కాసేపు విన్నారు. తర్వాత లేచి, దీనివల్ల శాఖకి ఒనగూరే ప్రయోజనమేమిటని అడిగారు. విరూపాక్షం చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న అది. ఎవరూ అడగకపోయినా అద్దం ముందు నిలబడి చాలాసార్లు జవాబు చెప్పుకున్నాడు కూడా.

రెండు కోణాలు కలిపితే తొంభై అయితే అవి ఒకదానికొకటి పూరకాలని ఆయన వివరించాడు. ముప్పైకి అరవై, ఇరవైకి డెబ్భై. ముప్పై డిగ్రీల సైన్ ఎంతో అరవై డిగ్రీల కాస్ సరిగ్గా అంతే. అంటే ఇక్కడ ఒకరు ఒక పేరుతో చేసే పనిని, అక్కడ వారి పూరకం ఇంకో పేరుతో వీసమెత్తు తేడా లేకుండా చేస్తుంది. అక్కడితో ఆపి ఉంటే పాఠంగా మిగిలేది. కానీ వినేవాడు దొరికితే విరూపాక్షం నోరు ఆగే రకం కాదు.

"కాబట్టి సార్, ప్రతి ఉద్యోగికీ ఒక పూరకాన్ని చూసిపెట్టుకుంటే, మన శాఖలో ఖాళీ అనేదే కనిపించదు," అన్నాడు.

శాఖలో సగం కుర్చీలు ఖాళీ. వాటిని నింపమని పైనుంచి ఒత్తిడి, నింపొద్దని ఇంకా పైనుంచి ఒత్తిడి. నింపకుండానే నిండుగా కనిపించే ఉపాయం ఇప్పటిదాకా ఏ శాస్త్రమూ చెప్పలేదు. డైరెక్టరు గారు వచ్చి విరూపాక్షం చెయ్యి పట్టుకుని, మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారని అడిగారు. ఇక్కడే ఉన్నాననీ, గుమ్మడికొండలో ఉండాలని ఉందనీ చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. విరూపాక్షం మెలికలు తిరిగి, అంతా తమ దయ అన్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ప్రతి ఉద్యోగికిని ఒక కోణము కేటాయించబడును. ఒక ఉద్యోగి లేని యెడల అతని పూరక కోణపు ఉద్యోగి సదరు విధులను నిర్వర్తించవలెను. గణితము ప్రకారము ఇరువురి పనియు సమానమగుటచే, నాణ్యతలో తేడా వచ్చెనను ఫిర్యాదులు స్వీకరించబడవు."

కోణాలు పంచే పని విరూపాక్షం మీదే పడింది. "ప్రత్యేక కోణాధికారి" అని పేరు పెట్టి ఆయన్ని హెడ్డాఫీసుకి పిలిపించారు. డైరెక్టరు గారికి తొంభై ఇచ్చాడు; నిటారుగా ఉంటారు గనక ఎవరూ కాదనలేదు. తొంభైకి పూరకం సున్నా. సున్నాగా ఉండటానికి శాఖలో ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి డైరెక్టరు గారు లేనప్పుడు మిగిలే ఖాళీ కుర్చీనే సున్నాగా ప్రకటించారు. ఆయన ఊరెళ్లినప్పుడల్లా ఫైళ్లు ఆ కుర్చీ ముందు కాసేపు పెట్టి, ఆమోదించినట్టు రాసి తీసుకునేవారు. ఆ రోజుల్లో పనులు ఎప్పటికన్నా త్వరగా జరిగేవని ఆఫీసులో గుసగుసగా చెప్పుకునేవారు.

సూపరింటెండెంట్ కామేశం గారికి నలభై అయిదు పడింది. నలభై అయిదుకి పూరకం నలభై అయిదే. అంటే ఆయనకి బదులు ఆయనే. ఈ సంగతి గ్రహించిన దగ్గర్నుంచీ ఆయన సెలవు పెట్టి ఆఫీసుకి రావడం మొదలుపెట్టాడు.

విరూపాక్షం తనకి ముప్పై అయిదు ఉంచుకున్నాడు. యాభై అయిదు నూకరాజుకి వచ్చింది. నూకరాజు అదే కాలేజీలో వ్యాయామం నేర్పే పీడీ. మంచి ఒళ్లు, అంతకన్నా మంచి మనసు. లెక్కలతో ఆయనకున్న పరిచయం ఒన్, టూ, త్రీ, ఫోర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత మళ్లీ ఒన్. విరూపాక్షం హెడ్డాఫీసులో ఉన్నన్నాళ్లూ త్రికోణమితి క్లాసు ఆయనే తీసుకోవాలి. ఆయన పాపం నిజాయితీగా ప్రయత్నించాడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టి, ఒక చెయ్యి నేలకి సమంగా చాపించి, రెండో చెయ్యి తను చెప్పిన డిగ్రీలకి ఎత్తించేవాడు. పిల్లలకి కోణాలు రాలేదు గానీ భుజాలు గట్టిపడ్డాయి.

ఆఫీసులో మాత్రం కొత్త చిక్కొచ్చింది. రసాయన శాస్త్రం ఖాళీకి తెలుగు మేడమూ, తెలుగు ఖాళీకి వాచ్‌మనూ పూరకాలయ్యేసరికి, అర్జీలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. అర్జీలకి కూడా మీ త్రికోణమితిలో మందుందా అని డైరెక్టరు గారు అడిగారు. ఉందన్నాడు విరూపాక్షం. లేదు అనే మాట ఆయన పై అధికారి ముందు ఎన్నడూ వాడి ఎరగడు.

ఆ మందు పేరు రిఫరెన్స్ కోణం. ఎంత పెద్ద కోణమైనా సరే, చుట్లు చుట్లు తిరిగొచ్చినా సరే, అది అడ్డగీతతో చేసే చిన్న కోణాన్ని పట్టుకుంటే చాలు. సున్నాకీ తొంభైకీ మధ్య ఇమిడిపోతుంది. నూట యాభై డిగ్రీలకి ముప్పై, రెండు వందల ముప్పైకి యాభై. డైరెక్టరు గారికి ఇది అమృతంలా వినిపించింది. ఇకపై తొంభై డిగ్రీలు దాటిన అర్జీని ఆఫీసు చూడదు, ముందు దాన్ని చిన్నది చేసుకుని చూస్తుంది. హెడ్డాఫీసు జెండా స్తంభాన్ని మధ్యలో పెట్టి గోడ మీద జిల్లా పటం గీయించారు. తూర్పు సున్నా, ఉత్తరం తొంభై, పడమర నూట ఎనభై. అర్జీదారు అడిగే ఊరు ఏ దిక్కున ఉంటే అది అర్జీ కోణం. ఊరు అడగని అర్జీలుంటాయి కదా, వాటిలో మెచ్చుకోలు తూర్పనీ ఫిర్యాదు పడమరనీ నిర్ణయించారు.

అయితే రిఫరెన్స్ కోణంతో వచ్చేది అంకె మాత్రమే. దాని ముందు ప్లస్సో మైనస్సో పెట్టాలి, అసలు కోణం నాలుగు పాదాల్లో ఏ పాదంలో ఉందో చూసి పెట్టాలి. అది వదిలేస్తే తూర్పూ పడమరా ఒకటైపోతాయి. ఇది విరూపాక్షానికి తెలియక కాదు. పరీక్ష పేపర్లలో మైనస్ మర్చిపోయిన పిల్లల మార్కులు జాలి లేకుండా కోసేవాడు. "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని ప్రతి బ్యాచి చేతా వల్లె వేయించేవాడు. మొదటి పాదంలో అన్నీ ప్లస్, రెండో పాదంలో సైన్, మూడో దాంట్లో టాన్, నాలుగో దాంట్లో కాస్ మాత్రమే ప్లస్ అని గుర్తుండటానికి. ఆఫీసు నమూనాలో కూడా గుర్తు కోసం ఒక గడి గీశాడు, పక్కనే ఆ టీ కప్పుల సూత్రం రాశాడు.

డైరెక్టరు గారు ఆ గడి మీద వేలు పెట్టి, ఈ అడ్డగీత ఏమిటని అడిగారు. మైనస్ అండి అన్నాడు విరూపాక్షం.

"చూడండి విరూపాక్షంగారూ, మనది సానుకూల పరిపాలన. మన శాఖలో మైనస్ అనేది ఉండటానికి వీల్లేదు. ఈ గడి తొలగించినచో లెక్కకేమైనా నష్టం కలుగునా?" అన్నారు ఆయన. ఉత్తర్వులు రాసీ రాసీ మాటలు కూడా అలాగే వచ్చేవి.

నష్టమేనండీ, లెక్కంతా అందులోనే ఉందండీ అన్న మాట విరూపాక్షం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ సరిగ్గా ఆ ఉదయమే ఆయన కుర్చీ వీపుకి తెల్ల తువ్వాలు కప్పించారు. తువ్వాలున్న కుర్చీ ఆఫీసర్లదనీ, లేనిది మామూలు మనుషులదనీ సర్కారు ఆఫీసు గడప తొక్కిన ప్రతివాడికీ తెలుసు. తువ్వాలు కుర్చీలో కూర్చోవడం ఆయనకి జన్మలో అదే మొదటిసారి. వీపుకి మెత్తగా తగులుతోంది.

"పెద్దగా ఏమీ లేదండి," అన్నాడు.

ఆ 'పెద్దగా' అన్న మాటలో తన నిజాయితీ కొంచెం మిగిలే ఉందని ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. గడి ఎగిరిపోయింది. స్టోర్స్ సెక్షన్ వారు మాత్రం అప్పటికే పాత నమూనా చదివి, ప్రతి కాలేజీకీ ఒక డజను సిల్వరు టీ కప్పులు పంపేశారు. గుర్తులు పోయాయి గానీ కప్పులు మిగిలాయి.

కొత్త విధానం అద్భుతంగా నడిచింది. ఒక కాలేజీవారు ల్యాబు పైకప్పు కారుతోందని మొరపెట్టుకున్నారు. ఫిర్యాదు గనక పడమర. చిన్నది చేసేసరికి తూర్పు తిరిగి, ల్యాబులో నీటి వసతి కల్పించినందుకు కృతజ్ఞతగా నమోదైంది. ఇంకోచోట పరీక్షల్లో పాసైనవాళ్లు పోయినేటి మీద బాగా తగ్గారు. ఎంత తగ్గారో అంతా పెరిగినట్టు లెక్క తేలింది. శాఖలో ఒక్క ఫిర్యాదు కూడా లేదని పేపర్లలో వచ్చింది. మిగతా శాఖలవాళ్లు బస్సులు కట్టించుకుని చూడటానికొచ్చారు. విరూపాక్షం పటం పక్కన నిలబడి బెత్తంతో చూపిస్తూ వివరించేవాడు. ఇంతకాలం ఈ తెలివిని పిల్లల మీద వృథా చేశానే అనుకునేవాడు.

ఇక అడగొచ్చనుకున్నాడు. జెండా స్తంభం నుంచి గుమ్మడికొండ ఎన్ని డిగ్రీలో తనే కోణమానిని పెట్టి కొలిచాడు. సరిగ్గా నూట యాభై. తన కోరికకి కూడా ఇంత చక్కని కోణం ఉన్నందుకు మురిసిపోయి, అర్జీ తన చేత్తోనే పెట్టెలో వేశాడు. సత్యవేణికి ఫోన్ చేసి, ఈసారి ఖాయమని చెప్పాడు. ఆవిడ ఆ వారం అలమరాలో ఒక అర ఖాళీ చేసి, కాగితం పరిచి ఉంచింది.

ఉత్తర్వు రానే వచ్చింది. "శ్రీ విరూపాక్షం, గణిత ఉపన్యాసకులు, కోరిన కోణము 150. నియమము ప్రకారము కుదించగా 30. సదరు కోణమున, కోరినంత దూరమున గల పీతల్లంక కళాశాలకు వీరి కోరిక మేరకు బదిలీ చేయడమైనది."

పీతల్లంక తూర్పు చివర, సముద్రం పక్కన. బస్సు దిగి పడవెక్కాలి. విరూపాక్షం ఆ కాగితం చదివి మొదట తృప్తిగా తలూపాడు, ఎందుకంటే నూట యాభైకి రిఫరెన్స్ కోణం ముప్పై అన్నది ముమ్మాటికీ సరైన జవాబు. రెండోసారి చదివితే గాని గుండెలో రాయి పడలేదు. ఉత్తరానికి ఎంత పోవాలో ఆఫీసు అంతే పంపింది. పడమటికి ఎంత పోవాలో కూడా అంతే పంపింది, కాకపోతే తూర్పుకి.

కామేశం గారి బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఆయన టీ తాగుతున్నాడు.

"ఇవాళ నేను సెలవులో ఉన్నానండి మేష్టారూ," అన్నాడు కామేశం. "నా బదులు నేనే చూస్తున్నాను. చెప్పండి, రేపు నేనొచ్చాక నాకు చెప్తాను."

"ఇందులో మైనస్ ఏదండీ? నేనడిగింది అటు, వేసింది ఇటు."

"ఆ గడి లేదు కదండీ. తీసేయించింది తమరేనని ఫైల్లో ఉంది," అన్నాడు కామేశం మర్యాదగా. కావాలంటే ఫిర్యాదు రాసుకోమని తెల్లకాగితం కూడా ఇచ్చాడు.

ఫిర్యాదు పడమరని విరూపాక్షానికి తెలుసు. అది ఎటు తిరుగుతుందో కూడా తెలుసు. తెలిసీ రాశాడు. మునిగేవాడు గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు. నాలుగు రోజులకి ఆఫీసు హాల్లో మీటింగు పెట్టి, పీతల్లంకకి బదిలీ అయినందుకు ఇంత ఘాటుగా హర్షం వెలిబుచ్చిన ఉద్యోగి శాఖ చరిత్రలో లేడని పొగిడి, ఆయనకి శాలువా కప్పారు. మర్నాడు తువ్వాలు తీసేశారు. ఆయన శాలువాతో పడవెక్కాడు.

అంతటితో ఊరుకుంటే అది మన శాఖ ఎందుకవుతుంది? భార్యాభర్తల్ని ఒకచోట ఉంచడం శాఖ విధానం. గుమ్మడికొండలో ఒక భార్య ఉంది, భర్త లేడు. భర్త పీతల్లంకలో ఉన్నాడు గనక రాలేడు. రాలేనివాడి బదులు ఎవరు రావాలో ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ముప్పై అయిదుకి పూరకం యాభై అయిదు. కాబట్టి పీడీ నూకరాజుని భార్యాభర్తల కోటాలో గుమ్మడికొండకి వేశారు. భార్య ఇంటికి వెళ్లి, భర్త వచ్చి చేరినట్టు ఆవిడ చేత సంతకం తీసుకోవాలని కూడా రాశారు.

ఒక సోమవారం ఉదయం సత్యవేణి డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో ఒక నిలువెత్తు మనిషి పరుపు చుట్టా, డంబెల్సూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ భయపడలేదు. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. టిఫిను పెట్టి, కాలేజీలో ఆటసామాను గది ఉంటుందనీ అక్కడ పడుకోమనీ చెప్పి పంపించి, తర్వాత మొగుడికి ఫోన్ చేసింది. మీ పూరకం వచ్చాడు, చూసిపోండి అని మాత్రం అంది.

విరూపాక్షం పడవా, రెండు బస్సులూ మారి ఆదివారం మధ్యాహ్నానికి గుమ్మడికొండ చేరాడు. నూకరాజు పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. ఈయన్ని చూసి గొడ్డలి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఎల్లమన్నారండి, వచ్చేశాను మేష్టారూ. ఆర్డర్లో మీ పేరూ నా పేరూ కలిపేసేరు. చెల్లెమ్మగారు సంతకం పెట్టనంటన్నారు, అది లేకపోతే నాకు జీతం రాదంటన్నారు. నేనేం జేసేదండి?"

సంతకం పెట్టనని కనీసం రాసివ్వొచ్చుగా అన్నాడు విరూపాక్షం భార్యతో. సత్యవేణి మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"ఈయన నా మొగుడు కాడు అని రాస్తాననుకోండి. మీ ఆఫీసుకెళ్లేసరికి అవునని తేలుతుంది. నేను రాయను."

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తానన్నాడు విరూపాక్షం. అదీ పడమరే కదా, ఇస్తే సర్వీసు ఇంకో పదేళ్లు పొడిగిస్తారు అంది ఆవిడ. ఆ సంగతి తనకి తట్టనందుకు ఆయన నొచ్చుకున్నాడు. తర్వాత ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఒక్క సంగతి చెప్పండి. ఫోన్లో మీరు చెప్పిన ఆ మైనస్ గడి తీసేస్తే నష్టమేనా అని మిమ్మల్ని అడిగినప్పుడు మీరేమన్నారు?"

"పెద్దగా ఏమీ లేదన్నాను."

"నష్టం నాది కదా. మీకు పెద్దగా ఎలా కనపడుద్ది?" అంది సత్యవేణి.

ఆవిడ గొంతు పెంచలేదు. విరూపాక్షానికి మాత్రం భూమిలోకి కుంగిపోయినట్టయింది. పిల్లల పేపర్లలో ఆ చిన్న గీత లేదని ఎంతమందిని ఏడిపించాడో గుర్తొచ్చింది. తనకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ గీత గీయాల్సి వచ్చినప్పుడు వీపుకి తువ్వాలు మెత్తగా ఉందని గీయలేదు. సిగ్గనిపించింది, ఆ సిగ్గు న్యాయమైనదేననిపించింది.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నూకరాజే మాట కదిపాడు. ఇక్కడి గ్రౌండు మరీ ఏటవాలుగా ఉందనీ, బంతి ఒకసారి దొర్లితే కింద ఊళ్లో తేలుతోందనీ, పీతల్లంకలో అయితే ఇసక మేట ఉంటుందట, వాలీబాల్‌కి ఎంత బావుంటుందో అనీ నిట్టూర్చాడు. అన్నం కలుపుతున్న విరూపాక్షం చెయ్యి ఆగిపోయింది.

"రాజుగారూ, పీతల్లంకలో నేను లేకపోతే నా పని ఎవరు చెయ్యాలి?"

"నేనండి."

"ఇక్కడ మీరు లేకపోతే మీ పని?"

నూకరాజు వేళ్లు మడిచి చూసుకున్నాడు. "మీరండి."

విరూపాక్షం ఎంగిలి చేత్తోనే లేచి, పొయ్యి దగ్గర బొగ్గు ముక్క తీసి గోడ మీద రాసేశాడు. ముప్పై అయిదు సైన్ యాభై అయిదు కాస్ అయితే, ముప్పై అయిదు కాస్ యాభై అయిదు సైన్ కూడా. సూత్రం ఒకవైపే పని చెయ్యదు, రెండువైపులా చేస్తుంది. ఇద్దరూ ఒకేసారి తమ తమ చోట్ల లేకుండా పోతే, ఒకరి చోట ఒకరు ఉండి తీరాలి. ఏ నియమమూ తప్పలేదు. ఏ అర్జీ అక్కర్లేదు. ఆయన కళ్లు మెరిశాయి. ఏదో కొత్త గ్రహం కనిపెట్టినట్టు భార్య వైపు తిరిగాడు.

"ఇంతేనా? మా సిస్టర్లు డ్యూటీలు మార్చుకునేది ఇలాగే," అంది సత్యవేణి. "దీనికి సైనూ గీనూ ఎందుకండీ? ముందు ఆ గోడ తుడవండి."

డైరెక్టరు గారు ఎక్కడో సన్మానానికి వెళ్లిన రోజు చూసి ఇద్దరూ కాగితాలు పెట్టారు. ఖాళీ కుర్చీ వెంటనే ఆమోదించింది. నూకరాజు పరుపు చుట్టతో పడవెక్కి పీతల్లంకలో లెక్కల లెక్చరరయ్యాడు. విరూపాక్షం గుమ్మడికొండలో పీడీ అయ్యాడు.

చూడటానికి అదొక ముచ్చట. సన్నటి కాళ్లు, మోకాళ్ల దాకా నిక్కరు, మెళ్లో ఈల, ముక్కు మీద కళ్లజోడు. వాలీబాల్ సర్వీసు ఎలా చెయ్యాలో ఆయనకి తెలీదు గానీ బంతి ఏ కోణంలో వెళ్లాలో తెలుసు. ఆ కోణం చెప్పేలోగా బంతి కింద ఊరికి పోయేది. మరి లెక్కలంటారా, అవి ఆయన చెప్పకూడదు. పూరకం పూరకం పనే చెయ్యాలి. గుమ్మడికొండలో లెక్కల పోస్టు ఖాళీ, లైబ్రేరియన్ చూస్తున్నాడు. గ్రౌండు పక్క గదిలోంచి కాస్ నూట యాభై విలువ ఆ లైబ్రేరియన్ నోట ప్లస్సుతో వినిపించేది. ఆ రోజు విరూపాక్షానికి అన్నం సయించేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి మైనస్ అని అరవాలనిపించేది. అరిస్తే ఎవరు, ఏమిటి, ఎందుకని విచారణ, దాని వెనక బదిలీ. ఈల గట్టిగా ఊది పిల్లల్ని ఇంకో చుట్టు పరిగెత్తించేవాడు. తను బతికినంత కాలం ప్రేమించింది ఆ పాఠాన్నే. దాన్ని తన చేత్తోనే పాడు చేశాడు. ఆ బాధ మాత్రం ఏ లెక్కలోనూ చిన్నది కాలేదు.

ఇంట్లో కూడా మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. ఇద్దరికీ ఆదివారం మర్యాదలే అలవాటు. సోమవారం ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. మంగళవారం కూడా ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగారు. వాళ్ల సంసారంలో బుధవారం అనేది రావడం అదే మొదలు.

ఆ బుధవారం మధ్యాహ్నం విరూపాక్షం గ్రౌండులో మాడి వచ్చి కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, వంకాయ కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. ఎప్పటిలాగే ఉందంది సత్యవేణి. లేదు, తక్కువే అన్నాడు. నూకరాజుగారు ఇక్కడున్నన్నాళ్లూ ఏది పెట్టినా బావుందనే తిన్నారంది. అయితే ఆయన్నే పిలిపించుకో, నాకు మాత్రం ఉప్పు చాలదన్నాడు. మాట మీద మాట పెరిగింది. పక్క వాటాలోవాళ్లు రేడియో తగ్గించి విన్నారు. సత్యవేణి ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు టక్కున పెట్టింది. పెట్టి, ఏదో తట్టినట్టు అక్కడే నిలబడిపోయింది.

"అన్నిటికీ బదులు మనిషిని పంపింది మీ ఆఫీసు. కూర బాలేదని నా మొహం మీద అనడానికి మాత్రం మీరే రావాల్సొచ్చింది," అంది. కళ్లు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆయనకి తెలియలేదు.

విరూపాక్షానికి కడుపు నిండిపోయింది. తన పెళ్లాంతో, తన ఇంట్లో, వారం మధ్యలో పోట్లాడుతున్నాడు. దీనికోసమే కదా ఇన్నేళ్లు బస్సులెక్కింది. కానీ ఆ మాట అనకుండా డబ్బా మూత తీసి, రెండు చిటికెలు వేసి కలుపుకుని, ఇంకో ముద్ద తిని చూశాడు. ఇప్పుడు ఎక్కువైందన్నాడు.